మొదటి మిషన్ దేనితో చేశారు?

కరోనా తగ్గుముఖం పట్టిన మరుసటి ఏడాది సంగతి ఇది. అప్పటికే నేను గోదావరిఖనిలో ఒక దవాఖాన డయాలసిస్ విభాగంలో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. కిడ్నీలు పాడైనవారి రక్తాన్ని బయటికి తీసి, డయలైజర్ అనే వడపోత గొట్టం గుండా పంపి, శుభ్రమయ్యాక తిరిగి ఒంట్లోకి ఎక్కించడం మా పని. వారానికి మూడుసార్లు, వచ్చిన ప్రతిసారీ నాలుగు గంటలు. సూదులు గుచ్చిన చెయ్యి కదపకూడదు. మిషన్ పని మిషన్ చేసుకుపోతుంది. ఆ నాలుగు గంటలు మనిషి ఏం చెయ్యాలన్నదే అసలు చిక్కు. కొందరు నిద్రపోతారు, కొందరు ఫోన్ చూస్తారు. చాలామంది పైకప్పు చూస్తూ పడుకుంటారు.

మా వార్డులో ఓదెలు కాక ఉండేవాడు. బాయిలో, అంటే బొగ్గుగనిలో, హాలేజీ నడిపి రిటైరయిన మనిషి. బొగ్గు టబ్బులను తాడుతో పైకి లాగే యంత్రాన్ని హాలేజీ అంటారు. ఆయనకు వింత సంగతులంటే ప్రాణం. పేపర్లో, ఫోన్లో ఎక్కడ కనబడ్డా గుర్తుపెట్టుకుని వచ్చి, మంచం ఎక్కగానే పక్కవాళ్లను అడిగేవాడు.

"రైలు పట్టాలు ముందుగాల ఎవ్వరి కోసం ఏసిన్రో చెప్పున్రి? జనం కోసం కాదు. మా అసుంటి బాయిల్ల బండ్లు గుంజెతందుకు!"

ఇంకోరోజు, పాత నలుపు తెలుపు ఇంగ్లిష్ సినిమాలో రక్తం బదులు చాక్లెట్ పానకం పోశారని చెప్పాడు. పిల్లలు టపటప పేల్చే బుడగల ప్లాస్టిక్ కవరును మొదట గోడలకు అంటించడానికి తయారుచేస్తే ఎవరూ కొనలేదట, తర్వాత సామాన్లు చుట్టడానికి అమ్మితే కంపెనీ నిలబడిందట. ఆక్టోపస్‌కు మూడు గుండెలని చెప్పినరోజు, "మనకు ఒక్కటే ఉన్నది, జర పైలంగ చూస్కోవాలె" అని తన ఛాతీ తట్టుకున్నాడు. ఆయనకు గుండె జబ్బు కూడా ఉంది.

ఆయన పక్క మంచం మీదికి రజిత వచ్చింది. మాకు నది అవతలే ఉన్న జైపూర్ దగ్గరి పల్లె. ముప్పై దాటి ఉంటాయేమో. భర్త శ్రీనుకు పవర్ ప్లాంటులో కాంట్రాక్టు డ్యూటీ. ఆమె ఇంట్లో జాకెట్లు కుట్టేది. ఎడమచేతికి ఫిస్టులా చేశారు. అంటే సూదులు గుచ్చడానికి వీలుగా రెండు రక్తనాళాలను కలిపి కుట్టడం. ఆ చేత్తో బరువులు ఎత్తవద్దన్నాం. ఆ భయంతో కుట్టు మిషన్ మీద గుడ్డ కప్పేసిందట. కాక ఎన్ని అడిగినా గోడవైపు తిరిగి పడుకునేది.

ఒకరోజు ఆమె రాలేదు. తర్వాతి వంతుకూ రాలేదు. డయాలసిస్ మానేస్తే ఒంట్లో నీరు చేరుతుంది, పొటాషియం పెరుగుతుంది. అది గుండెను ఏ క్షణంలోనైనా ఆపేయగలదు. డాక్టరుగారు ఫోన్ చేసి గట్టిగానే చెప్పారు. శ్రీను బతిమాలుతున్నా ఆమె మంచం దిగడం లేదని తెలిసింది.

ఓదెలు కాక ఖాళీ మంచం చూసి నన్ను పిలిచాడు.

"ఆ పిల్ల ఏదీ సరితా?"

"రానంటున్నది కాక."

ఆయన తన చేతికి తగిలించిన గొట్టాలను చూస్తూ అడిగాడు. "అవునుగని, ఈ మిషన్ ముందుగాల ఎవ్వలు చేసిన్రు? దేనితోని చేసిన్రు? గింతకాలం దీని మీద పంటున్న, గది మాత్రం ఎర్కలేదు."

నాకు తెలుసు. కోర్సులో చేరిన కొత్తలో మా మేడం చెప్పిన కథ అది. చెప్పబోయి ఆగాను.

"ఇప్పుడు చెప్పను కాక. రజిత వస్తే ఇద్దరికీ కలిపి చెప్తా."

"గిదేం అన్యాలం!" అన్నాడు. వెంటనే ఆయన కళ్లలో ఏదో మెరిసింది. "ఫోన్ కలుపు. నేను మాట్లాడ్త."

రజితకు ఫోన్ చేసి, కాక మాట్లాడతాడట, సరేనా అని అడిగాను. ఊ అంది. స్పీకర్ పెట్టాను.

"బిడ్డా, ఈ సరిత నువ్వస్తెనే చెప్తనంటున్నది. నువ్వు రాకపోతె నాకు తెల్వకనే పోతది."

"ఏంది కాకా?"

"ఈ మిషన్ మొదటిది దేనితోని చేసిన్రో."

అటునుంచి కోపమే వచ్చింది. "బతుకు మీదనే మనసు లేదంటె కొచ్చెన్లు అడుగుతరా? మా ఆయన డ్యూటీలన్ని నాతోనే పోతున్నయి. ఎన్నేండ్లు గిట్ల? నన్ను ఇడిసిపెట్టున్రి."

"నేను గుడ గట్లనే అనుకున్న బిడ్డా, మొదట్ల. నీకు నచ్చినట్టే చెయ్యి. కని జర జల్ది చెప్పు, నేను ముసలోన్ని, ఎక్కువ దినాలు ఆగలేను."

ఆమె ఫోన్ పెట్టేసింది. నలుగురి ముందు ఆమెతో ఆ మాటలు అనిపించి తప్పు చేశామా అని ఆ పూటంతా బెంగపడ్డాను.

మరుసటి వంతు నాడు పొద్దున్నే శ్రీను ఆమెను వీల్‌చెయిర్‌లో తోసుకొచ్చాడు. కాళ్లు వాచిపోయి, ఆయాసంతో మాట రావడం లేదు. డాక్టరుగారు పరుగున వచ్చారు. వెంటనే మిషన్‌కు కలిపాం. రెండు గంటలు గడిచాక ఊపిరి నెమ్మదించింది. అప్పుడు తల కాస్త తిప్పి, సన్నటి గొంతుతో అంది.

"చెప్పక్క. కాక ఎదురుసూస్తున్నడు."

చెప్పాను. యుద్ధం రోజుల్లో, శత్రుసేనల చేతిలో ఉన్న ఒక చిన్న దేశంలో ఒక డాక్టరు, సామాను దొరకక, ఖీమా నింపి అమ్మే సాసేజ్‌ల పల్చటి తొడుగు తీసుకున్నాడు. చెక్క పీపాకు దాన్ని చుట్టి, అందులోంచి రోగి రక్తం పారిస్తూ, ఉప్పునీటి తొట్టిలో తిప్పాడు. అదే మొదటి మిషన్.

"బోటి తోలు అసుంటిదా!" అని కాక మంచం మీదే లేవబోయాడు. పడుకొమ్మని కసిరాను.

మొదట ఆ మిషన్ ఎక్కినవాళ్లు దాదాపు అందరూ చనిపోయారని కూడా చెప్పాను. దాచాలనిపించలేదు. అయినా ఆ డాక్టరు ఆపలేదు. చివరికి స్పృహలేని ఒక ముసలామె కళ్లు తెరిచింది.

"తెలివి రాగానే ఆమె అన్న మొదటి మాటేమిటో తెలుసా? 'నా మొగుడికి విడాకులిస్తా' అన్నదట. అన్నట్టే ఇచ్చేసిందని చెప్పుకుంటారు."

కాక తలుపు దగ్గర నిలబడ్డ శ్రీనువైపు చూశాడు. "శీనూ, జర పైలం కొడుకా!"

రజిత నవ్వింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. శ్రీను మాత్రం గోడకు తిరిగి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. కాసేపటికి ఆమె, "తర్వాత ఎన్నొద్దులు బతికిందక్కా ఆమె?" అని అడిగింది.

"చాలా ఏళ్లు."

ఆ తర్వాత ఆమె ఒక్క వంతూ మానలేదు. కుట్టడం వరకు చెయ్యవచ్చని డాక్టరుగారు చెప్పడంతో మళ్లీ జాకెట్లు మొదలుపెట్టింది. రెండేళ్లకు వాళ్లక్క కిడ్నీ ఇచ్చింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. కాకకు గుండె బలహీనంగా ఉండడం వల్ల అలాంటి దారి లేదు. ఆయన ఇప్పటికీ మా దగ్గరికే వస్తున్నాడు.

ఆపరేషన్ అయి చాలా నెలలు గడిచాక రజిత మాస్కు పెట్టుకుని వచ్చింది. పలకరించి వెళ్తుందనుకున్నాను. కుర్చీ లాక్కుని కాక మంచం పక్కన కూర్చుంది. గంట, రెండు గంటలు, చివరికి సూదులు తీసేదాకా కదల్లేదు. ఇంత సేపు ఎందుకమ్మా, అలిసిపోతావు అన్నాను.

"ఈ నాలుగు గంటలు ఎంత పొడుగుంటయో నాకు ఎర్కే కదక్కా" అంది.

బీపీ, పొటాషియం, మిషన్ తెరమీది అంకెలు చూడడం నాకు చదువు నేర్పింది. మంచం మీది మనిషి ఇంకా ఏదైనా తెలుసుకోవాలనుకుంటున్నాడా అని కూడా చూడాలని వీళ్లిద్దరూ నేర్పారు. అందుకు వాళ్లకు రుణపడి ఉన్నాను. వాళ్లతో పాటు, తన తొట్టి ముందు అన్ని ఓటముల తర్వాత కూడా పీపా తిప్పుతూనే ఉన్న, నేనెన్నడూ చూడని ఆ డాక్టరుకు కూడా.