ఎర్ర స్కార్ఫు పిల్ల ఉన్న చోటు

"నాలుగో వంతుకి ఆ పిల్ల వస్తుందని నీకెలా తెలుసు మావయ్యా?"

మేనకోడలు ఈ మాట అడిగే వేళకి ఆయన తన బైండింగ్ షాపులో ఒక స్కూలు హాజరు రిజిస్టరుకి వీపు గుడ్డ అంటిస్తున్నాడు. రెండు చేతులకీ జిగురు. తల గోక్కుని కాస్త వ్యవధి సంపాదించుకునే సదుపాయం కూడా లేదు.

ఆ పిల్ల మనిషి కాదు, కార్డు. జపాను యానిమే బొమ్మలతో ఆడే కార్డుల ఆటలో ఎర్ర స్కార్ఫు కట్టుకుని, మొహంలో సగం కళ్లే అయిన ఒక అమ్మాయి. ఆమె వచ్చేసరికి మన సైనికులు ముగ్గురు బల్ల మీద నిలబడి ఉంటే, ఆ ముగ్గురూ ఆ వంతులో రెండేసి సార్లు కొడతారు. ఎదుటివాడి ప్రాణాలు మొత్తం ఏడే కనుక, ఆమె వేళకి వస్తే ఆట అయిపోయినట్టే. రాకపోతే మన పని అయిపోయినట్టే.

నలభై ఏడేళ్ల బైండరుకి ఈ పిచ్చేమిటని నవ్వేవాళ్లు నవ్వవచ్చు. ఆయన భార్య నవ్వింది కూడా. కానీ మొదలుపెట్టించింది ఆవిడే. రెండేళ్ల కిందట ఆయన షాపు మెట్ల మీద జారి చీలమండ విరగ్గొట్టుకుని ఆరు వారాలు మంచం మీద ఉన్నాడు. "మీ మావయ్య టీవీ రిమోట్‌ని తిడుతున్నాడే. వచ్చి ఏదో ఒకటి చెయ్యి," అని ఆవిడ మేనకోడలికి ఫోన్ చేసింది. కంటి ఆసుపత్రిలో పనిచేసే ఆ అమ్మాయి డ్యూటీ దిగి, సంచిలో తన పాత కార్డులు వేసుకుని వచ్చింది. చీలమండ అతుక్కుంది, ఆట అతుక్కుపోయింది.

ఆటలో ఆ అమ్మాయిది నిదానం. గోడలు కట్టి, వెనక కూర్చుని, ఏడో వంతుకి కోట కాపరులనే నాలుగు పెద్ద కార్డులు ఒక్కొక్కటే దింపి, ఎదుటివాడికి విసుగు పుట్టించి గెలుస్తుంది. మావయ్యకి అంత ఓపిక లేదు. ఓపికంతా పగలు పుస్తకాలకి కుట్లు వేయడంలో ఖర్చయిపోయేది. అందుకని దూకుడుగా ఆడే కార్డుల కట్ట, దూకుడు డెక్, కట్టుకుంటానన్నాడు.

"అయితే ముందు ఈ డ్రాగన్ తీసెయ్," అంది మేనకోడలు.

"బొమ్మ బాగుందే!"

"గోడకి అంటించుకో. ఏడు శక్తులు కావాలి దీనికి. నీ ఆట అయిదో వంతుకి తేలిపోవాలి. అప్పుడిది చేతిలో ఉంటే బస్సు వెళ్లిపోయాక కొన్న టికెట్టు."

"మరి ఈ డాలు?"

"నువ్వు కొట్టడానికి వెళ్తున్నావా, కొట్టించుకోడానికా?"

అలా నెలల తరబడి తీసివేతలే జరిగాయి. చివరికి యాభై కార్డులు మిగిలాయి. ఒక్క శక్తితో దిగే చిల్లర సైనికులు ఇరవై, రెండు శక్తులవాళ్లు పద్నాలుగు, దెబ్బ మీద దెబ్బ వేసే మంత్రాలు పన్నెండు, ఎర్ర స్కార్ఫు పిల్లలు నాలుగు. కాపాడుకునే కార్డు మచ్చుకి ఒక్కటి లేదు. బొమ్మల కొట్టు వెనక గదిలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆడేవాళ్లు ఆయన్ని అట్టల మావయ్య అనేవారు. ఆయన వయసుకీ ఆయన డెక్‌కీ పొంతన లేదని నవ్వేవారు. "మావయ్యా, మెల్లిగా! బీపీ పెరుగుతుంది," అని మందుల షాపాయన ప్రతి వారం అదే జోకు వేసేవాడు. ఆయన ప్రతి వారం ఓడిపోయేవాడు. గెలుపోటములు రెండూ ఒకటేనని చెప్పేవాళ్లని వరసగా డెబ్బై ఆదివారాలు ఓడించి, అప్పుడు మళ్లీ చెప్పమనాలి.

ఎర్ర స్కార్ఫు పిల్లలు నాలుగూ మెరుపు కార్డులు. ఉన్న డబ్బంతా పెట్టి మోజుపడి కొన్నాడు. మెరుపు కార్డుతో ఒక తంటా ఉంది. పైన రేకు, కింద కాగితం. తేమకి కాగితం ఉబ్బుతుంది, రేకు ఉబ్బదు. వానలు పడగానే కార్డు దోనెలా వంగుతుంది. వంగిన కార్డు కట్టలో ఎక్కడుందో ఎవరికైనా కనిపిస్తుంది కనుక ఆ గదిలో ఏటా జరిగే పోటీలో చెల్లదని బొమ్మల కొట్టాయన చెప్పేశాడు. ఆయనే పోటీకి జడ్జీ కూడా.

వంగినదాన్ని చదును చేయడం బైండరుకి ఒక సమస్యా? నాలుగు కార్డులనీ రెండు అట్టల మధ్య పెట్టి, షాపులోని ఇనప ప్రెస్సులో బిగించి, మూడు రోజులు ఉంచాడు. తీసి చూస్తే అద్దాల్లా ఉన్నాయి. కొట్టాయన వాటిని ప్లాస్టిక్ తొడుగుల్లో మిగతావాటితో కలిపి, పక్కనుంచి చూసి, బల్ల మీద పరిచి, సరే అన్నాడు. మేనకోడలు కూడా చూసింది. కంటి ఆసుపత్రి మనిషి, ఆమెకీ తేడా కనపడలేదు.

నిజమే, కంటికి తేడా లేదు. కానీ మూడు రోజుల ఒత్తిడికి ఆ నాలుగూ మిగతావాటికంటే వెంట్రుకవాసి బిగిశాయి. ముప్ఫై ఏళ్లుగా కాగితం ఎటు వంగుతుందో బొటనవేలితో కనుక్కునే మనిషికి అది తెలిసిపోతుంది. ఆ సంగతి ఆయన ఫైనల్ దాకా గమనించలేదు. ఈ మాట నమ్మవచ్చు. తర్వాతి మాటల్లోనే ఆయన తనని తాను ఎక్కువ సమర్థించుకున్నాడు.

పోటీ జరిగిన ఆదివారం ఆయనకి అన్నీ కలిసొచ్చాయి. వరసగా నలుగురిని ఓడించాడు, మందుల షాపాయనతో సహా. ఫైనల్లో ఎదురుగా మేనకోడలు కూర్చుంది. గెలిచినవాళ్లకి వేరే ఊళ్లో జరిగే పెద్ద పోటీలో ఒక సీటు. దాని కోసం ఆ అమ్మాయి రెండేళ్లుగా ఎదురుచూస్తోంది. పోయినేడాది ఒక్క ప్రాణం తేడాతో పోగొట్టుకుంది.

ఆ గదిలో ఒక అలవాటుంది. మనం కలిపిన కట్టని ఎదుటివాళ్లు కోయాలి, అంటే మధ్యలో విడదీసి కింది సగం పైన పెట్టాలి, అది రూలు. కానీ బాగా తెలిసినవాళ్లయితే కోయరు, కట్ట మీద వేలితో ఒకసారి తడతారు. కోయక్కర్లేదు, నాకు నీ మీద నమ్మకం ఉంది అని దాని అర్థం.

ఆయన కార్డులు కలుపుతున్నాడు. బొటనవేలి కింద నుంచి అంచులు జరజరా జారుతుండగా, పైనుంచి ఎనిమిదో తొమ్మిదో చోట ఒక కార్డు కాస్త మొండికేసింది. వేలు గుర్తుపట్టింది. మొదట చేతికి అయిదు కార్డులు, ఆ మీద వంతుకొకటి కనుక, అది నాలుగో వంతుకల్లా ఆయన చేతికి వచ్చేస్తుంది. ఆయన ఇంకో రెండుసార్లు కలిపి ఉండవచ్చు. ఎప్పుడూ అలాగే కలిపేవాడు. ఈసారి ఆపేశాడు. అంతే చేశాడు. కార్డుని జరపలేదు, దాచలేదు, ఆపేశాడు. కట్టని బల్ల మీద పెట్టాడు.

మేనకోడలు తట్టింది.

మూడో వంతులో ఆయన తన సైనికులు ముగ్గురినీ ముందుకి తోసి ఆమె గోడ పగలగొట్టాడు. వెనక ఒక్కడినీ ఉంచుకోలేదు. మతి ఉన్నవాడెవడూ అలా ఆడడు. చుట్టూ మూగినవాళ్లు "అయ్యో మావయ్యా!" అన్నారు. నాలుగో వంతుకి ఎర్ర స్కార్ఫు వచ్చింది. మేనకోడలికి మిగిలిన ఆరు ప్రాణాలూ ఒక్క ఊపులో పోయాయి. గది దద్దరిల్లింది. మేనకోడలు లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, మావయ్యని కావలించుకుంది.

ఇంటికొచ్చాక ఆయన మొహం చూసి భార్య అడిగింది, "ఏమండీ, గెలిచారా, ఎవరినైనా గుద్దేసి వచ్చారా?"

మూడు రోజుల తర్వాత మేనకోడలు షాపుకొచ్చి అడిగిన ప్రశ్న అనుమానంతో అడిగింది కాదు. ఆమె ఆడిన ప్రతి ఆటా నోటుపుస్తకంలో రాసుకుంటుంది. మూడో వంతు దగ్గర ఆగిపోయింది. అర్థం కాలేదు.

"తెలియడమేముంది? ధైర్యం చేశాను," అన్నాడు ఆయన, గుడ్డ వంక చూస్తూ.

"అదే! నాలో లేనిది అదే మావయ్యా," అని ఆమె నిలబడే రాసుకుంది. ధైర్యం అన్న మాట కింద గీత కూడా గీసింది. ఆయన చూశాడు.

ఆ వారమంతా ఆయన మనసులో వకీళ్లు వాదించుకున్నారు. కలపడం ఆపడం నేరమా? ఎన్నిసార్లు కలపాలని ఎక్కడైనా రాసుందా? ఆమె కోసి ఉండవచ్చు కదా? ఈ చివరి వాదన దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆయన మళ్లీ మొదటి వాదనకి వెళ్లిపోయేవాడు.

తర్వాతి సోమవారం పొద్దున అన్నం వడ్డిస్తూ భార్య యథాలాపంగా అంది. "మీ మేనకోడలు తన పెద్ద కార్డులన్నీ అమ్మేస్తుందట. ఇకమీదట మావయ్యలాగే ఆడతానంటోంది."

ఆయన చెయ్యి కడుక్కోకుండానే లేచాడు.

కంటి ఆసుపత్రి వరండాలో ఎనిమిది మంది వరసగా బెంచీల మీద, కళ్లు మూసుకుని, చుక్కలు పని చేయడం కోసం ఎదురుచూస్తున్నారు. మేనకోడలు తొమ్మిదో ఆవిడ కంట్లో చుక్క వేస్తోంది.

"అమ్మాయ్, ఒక మాట."

"పది నిమిషాలు ఆగు మావయ్యా."

"ఆగితే చెప్పలేనే."

ఆమె సీసా మూత పెట్టింది. ఆయన చెప్పాడు. ప్రెస్సు, బిగుసుకున్న కార్డులు, బొటనవేలు, అన్నీ. గొంతు తగ్గించుకున్నాననుకున్నాడు.

"నేను చూశాగా వాటిని. కొట్టాయన కూడా చూశాడు."

"మీకు తెలీదు. ఎవరికీ తెలీదు. నాకొక్కడికే తెలుస్తుంది."

"పైకి తెచ్చి పెట్టావా?"

"లేదు. పైన ఉందని తెలిసి కలపడం ఆపేశాను."

 ఆమె తన వేలి వంక చూసుకుంది. "నేను కొయ్యలేదు," అంది. "తట్టాను."

బెంచీ మీది పెద్దావిడ కళ్లు మూసుకునే అంది, "పేకాటలో మోసమా నాయనా?"

"పేకాట కాదండీ. బొమ్మల కార్డులు," అన్నాడు ఆయన. అన్నాక గానీ అది ఇంకా అధ్వానంగా ఉందని తెలియలేదు. ఎనిమిది మందిలో ఇద్దరు నవ్వు ఆపుకున్నారు.

"నిన్న సాయంత్రమే అమ్మేశాను మావయ్యా," అంది మేనకోడలు. "నాలుగు కాపరులూ. మందుల షాపాయనకి. ఆ డబ్బుతో నీలాంటి కార్డులు కొన్నాను."

తప్పు ఒప్పుకుంటే గుండె తేలికవుతుందని చెబుతారు. ఆ చెప్పేవాళ్లు ఎప్పుడైనా ఒప్పుకున్నారో లేదో తెలియదు. ఆయన గుండె ఏమీ తేలిక కాలేదు. తన బరువు ఆ అమ్మాయి మొహం మీదకి మారడం మాత్రం చూశాడు.

అక్కడినుంచి నేరుగా బొమ్మల కొట్టుకి వెళ్లి మళ్లీ మొదటినుంచి చెప్పాడు. కొట్టాయన సీటు మేనకోడలి పేరుకి మార్చాడు. మార్చి, "నువ్వు చెప్పకపోతే మాకు జన్మలో తెలిసేది కాదు మావయ్యా. ఎంత నిజాయితీ!" అని చెయ్యి పట్టుకున్నాడు. గదిలో ఇంకో ఇద్దరు కూడా మెచ్చుకున్నారు. ఆయన ఆ చెయ్యి విదిలించుకోలేక నిలబడ్డాడు. తిట్టి ఉంటే కాస్త కూర్చోగలిగేవాడు.

కాపరులని తిరిగి కొనడానికి వెళ్తే మందుల షాపాయన మెచ్చుకోలేదు. "తొమ్మిది వేలకి కొన్నాను. పదమూడుకి ఇస్తాను," అన్నాడు, ఎవరికో దగ్గు మందు కట్టిస్తూ.

"ఒక్క రోజులో నాలుగు వేలా?"

"నిన్న ఆ అమ్మాయికి అక్కర్లేదు. ఇవాళ నీకు కావాలి."

అప్పుగా ఇమ్మని బతిమాలితే కాపరులని కవరులో పెట్టి ఇచ్చాడు. మేనకోడలు వాటిని తీసుకుంది. తన నిదానం డెక్ మళ్లీ కట్టుకుని పెద్ద పోటీకి వెళ్లింది. అరవై నాలుగు మందిలో పదకొండో స్థానంలో వచ్చింది. ఆ కబురు ఆయనకి కొట్టాయన చెప్పాడు. ఆమె చెప్పలేదు.

ఆమె ఇంటికి వస్తూనే ఉంది. మావయ్యా అనే పిలుస్తుంది, అత్త చేతి కాఫీ తాగుతుంది, ఆసుపత్రి జోకులు చెబుతుంది. మెరుపు కార్డులు తీసేసి మామూలువి పెట్టానని ఆయన రెండుసార్లు చెబితే రెండుసార్లూ "సరే" అంది. ఆదివారాలు ఎదురుగా కూర్చున్నప్పుడు మాత్రం ఆయన కట్టని దగ్గరికి లాక్కుని, ఒకసారి కోస్తుంది. ఆ మీద ఇంకోసారి కోస్తుంది. ఆయన ఆ సేపు కిటికీ వంక చూస్తాడు.

నెలకి వెయ్యి చొప్పున మందుల షాపాయనకి ఇప్పటికి ఏడు వేలు ముట్టాయి. ఇంకా ఆరు వేలు ఇవ్వాలి.