మొదటి పాఠానికి ముందున్న రెండు పేజీలు

మొన్న అరసవల్లిలో జిరాక్స్ షాపు దగ్గర ఆధార్ కాపీ కోసం నిలబడి ఉంటే, నా ముందున్న కాలేజీ కుర్రాడు ఓ లావుపాటి కంప్యూటర్ పుస్తకం ఇచ్చి, ముందు పేజీలు వదిలేసి మొదటి పాఠం నుంచి తీయమన్నాడు. వాడి తప్పేమీ లేదని తెలిసినా నాకు ఒళ్ళు మండిపోయింది. రిటైరై ఇన్నాళ్ళయినా ఆ మాట చెవిన పడితే నాకు బీపీ పెరుగుతుంది.

నా ఈడు మాస్టార్లకు గుర్తుండే ఉంటుంది, రెండువేల పది దాటాక శ్రీకాకుళంలో సందుకో డిగ్రీ కాలేజీ, కాలేజీకో కంప్యూటర్ ల్యాబు వెలిసిన రోజులు. అలాంటి ఓ ప్రైవేటు కాలేజీలో నేను మొదటి సంవత్సరం పిల్లలకు చెప్పేవాణ్ణి. మాది కళింగపట్నం వైపు చేపలు అమ్ముకునే కుటుంబం. మా ఇంట చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే, నా తర్వాత మా చిన్న చెల్లెలి కూతురు. ఆ పిల్ల అదే కాలేజీలో చివరి సంవత్సరం చదువుతుండగా విశాఖలోని ఓ కంపెనీ తనను ఉద్యోగానికి ఎంచుకుంది, పరీక్షలన్నీ ఒకేసారి పాసైతేనే అన్న షరతుతో.

ల్యాబులో ప్రతి బల్ల మీదా జిరాక్స్ తీయించిన మాన్యువల్ ఉండేది. అలాంటి పుస్తకాలు రాసే మహానుభావులకు కమాండును తిన్నగా రాయడం రాదు. లెస్ దేన్, గ్రేటర్ దేన్ గుర్తుల మధ్య ఉన్న మాటను గుర్తులతో సహా తీసేసి మనకు కావలసింది పెట్టుకోవాలట. చదరపు బ్రాకెట్లలో ఉన్నది ఇష్టమైతే రాయాలి, లేకపోతే మానాలి, బ్రాకెట్లు మాత్రం కొట్టకూడదట. ఈ సంగతి మొదటి పాఠానికి ముందు రెండు పేజీల్లో చెప్పేసి చేతులు దులుపుకుంటారు. మా హెచ్చోడీ జిరాక్సులో సరిగ్గా ఆ పేజీలే వదిలించాడు, సిలబస్‌లో లేవని. నేను వెళ్ళి దెబ్బలాడితే, నీ ఫస్టియర్ సంగతి నువ్వు చూసుకోమన్నాడు. ల్యాబులో రికార్డులో ఉన్న ప్రోగ్రాములే చేయించేవారు కనుక ఆ గుర్తులతో ఎవరికీ పని పడలేదు.

ప్రాక్టికల్ పరీక్షకు వచ్చిన ఎక్స్‌టర్నల్ మాత్రం, రికార్డులో లేని ఓ కమాండును మాన్యువల్ చూసి వాడమన్నాడు. మా పిల్ల పేజీ తీసి, అక్కడ ఎలా ఉందో అలాగే, గుర్తులూ బ్రాకెట్లూ ఒక్కటీ పోకుండా కొట్టింది. తప్పని వస్తే, తనదే పొరపాటనుకుని మరింత జాగ్రత్తగా మళ్ళీ అదే కొట్టింది. ఆయన అందరినీ పిలిచి ఆ తెర చూపించి నవ్వాడు, పక్కనే మా హెచ్చోడీ కూడా నవ్వాడు. పిల్ల ఫెయిలైంది, ఉద్యోగం పోయింది.

మా చెల్లెలు చేపల మార్కెట్ నుంచి నేరుగా కాలేజీకొచ్చి అందరి ముందూ అడిగేసింది: "ఏటి బాబూ, ఇన్నాళ్ళూ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తేనే మార్కులేసినారు కదా, ఇప్పుడు ఉన్నట్టే కొట్టినాదని ఫెయిల్ సేసెత్తారేటి?" ఈ చదువుల సంగతి నీకు తెలియదులే అని పంపేశారు. ఒకటో తరగతి నుంచి నోట్సులో మాట మారితే మార్కు కోసి పెంచిన పిల్ల, ఆ ఒక్క రోజు ఉన్నది ఉన్నట్టు కొట్టకూడదని ఎలా కనిపెట్టాలి? తనకు తెలిసింది లోకానికంతా తెలుసనుకుని రాసినవాడు, ఆ సంగతి చెప్పే పేజీలు వదిలించినవాడు, తెలియని పిల్లను చూసి నవ్వినవాడు, ఈ పాపం ముగ్గురిదీ. తిలాపాపం తలా పిడికెడు. ముగ్గురి మీదా నా కోపం ఈనాటికీ చల్లారలేదు, చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు.

మరుసటి ఏడు పిల్ల పాసైంది గానీ కంప్యూటర్ జోలికి మళ్ళీ పోలేదు. ఇప్పుడు మాన్యువళ్ళన్నీ తెర మీదికొచ్చేశాయి, వేలితో తాకితే ఉదాహరణ దానంతటదే కాపీ అవుతోంది, చిన్నపిల్లలు కూడా భయం లేకుండా ఏదంటే అది నొక్కేస్తున్నారు. ఒకప్పుడు ల్యాబులో అందరికన్నా ముందు ముగించి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునే ఆ పిల్ల మాత్రం, ఈ రోజు గ్యాస్ బుక్ చెయ్యాలన్నా నన్ను పిలిచి, "ఇక్కడేదో రాసున్నాది మావా, నొక్కమంటావా, వద్దా?" అని అడుగుతుంది. నొక్కమ్మా అంటాను. నేను వెళ్ళి పక్కన నిలబడేదాకా నొక్కదు.