తిరిగొచ్చే మోటార్లు

ఒకప్పుడు మా రిపేరు షెడ్డుకు ఫోర్‌మన్‌గా ఉన్న పెద్దాయన, మేమంతా 'కాక' అని పిలిచే ఆయన, చనిపోయారని మొన్న ఆదివారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. "చర్చికెళ్లొచ్చి కుర్చీల కూసున్నడు సార్. గంతే," అన్నాడు ఆ షెడ్డు ఫిట్టర్ ఒకడు. ముందున్న అన్నం తినబుద్ధి కాలేదు. ఆయనకు నేను చేసింది ఇప్పుడైనా మీకు చెప్పాలి.

తెలంగాణ రాకముందు సంగతి. గోదావరిఖనిలో నేను కొత్త ఇంజనీరును. బొగ్గు బావుల నుంచి వచ్చిన, నీళ్లు తోడే పంపు మోటార్లు మా షెడ్డులో వారాల తరబడి పడి ఉండేవి. ఆలస్యం ఎక్కడో తేల్చమంటే, షెడ్డు మొత్తాన్నీ కంప్యూటర్లో నమూనాగా కట్టాను. తెర మీద మోటార్లు చుక్కలై ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు కదిలేవి. ఏ పనికి ఎంతసేపు పడుతుందో నా పక్కన నిలబడి చెప్పింది కాకే.

బాగైన ప్రతి మోటారునూ ఆయన గంటసేపు నడిపించి, స్క్రూడ్రైవర్ మొన బేరింగుకూ, పిడి తన చెవికీ ఆనించి వినేవారు. "ఇనుము అబద్ధమాడది సారూ. మనమే సరిగ ఇనం," అనేవారు. తెర మీద చుక్కలన్నీ ఆ పరీక్ష దగ్గరే పోగుపడ్డాయి.

"గీడ ఆగినయన్ని నా కాడియేనా?"

"అవును కాకా."

"మరి బాగుకాక తిరిగొచ్చే మోటార్లను లెక్కేసినవా?"

"తర్వాత చూద్దాం," అన్నాను. మర్నాడే అధికారులకు చూపించాలి. ఆయన పరీక్షను తీసేసి నమూనా నడిపాను. వరుస కరిగిపోయింది. అందరూ మెచ్చుకున్నారు. కాకను శ్రీరాంపూర్ స్టోరుకు మార్చారు. "పైలం సారూ," అని జాగ్రత్త మాత్రం చెప్పారు వెళ్తూ.

వానాకాలంలో మోటార్లు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ఒక బావిలో పంపు ఆగిపోయి, షిఫ్టు వాళ్లు మోకాటి లోతు నీళ్లలో నడిచి బయటపడ్డారు. అప్పుడు, తిరిగొచ్చినవాటినీ కలిపి నమూనాను మళ్లీ నడిపి చూశాను. కాక పరీక్ష ఉంటేనే షెడ్డు తొందరగా ఖాళీ అవుతోంది. పరీక్షను మళ్లీ పెట్టించాను. ఆయన ముందే హెచ్చరించారని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆయన స్టోరులోనే రిటైరయ్యారు.

నిన్న సెంటినరీ కాలనీకి, ఆయన కొడుకు క్వార్టరుకు వెళ్లాను. "తప్పు నాదే అవ్వా," అన్నాను ఆయన భార్యతో.

"ఆయనకు ఎర్కనే బిడ్డా. పరీక్ష మళ్ల పెట్టినవని ఫిట్టర్లు చెప్పిండ్రు. సారే ఒకనాడొచ్చి చెప్తడని ఎదురు సూసిండు," అంది.

బయట వరండాలో కాలనీవాళ్లు బాగుచేయమని కాకకు ఇచ్చిన టేబుల్ ఫ్యాన్లు ఉన్నాయి. ఒక్కోదానికీ ఆయన చేతిరాతతో పేరు చీటీ. పక్కింటావిడ తన ఫ్యాను కోసం వచ్చి, అడగడానికి నోరు రాక, దాని రెక్కల మీది దుమ్మును కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది.