అన్న నడివీధిలో పరుగెత్తిన రోజులు

మా అన్న సైన్యంలో చేరడానికి పరుగు నేర్చుకున్నాడు. చేరలేకపోయాక కూడా మానలేదు. ఆ రెండో పరుగు గురించే రాస్తున్నాను.

తుపాను మా కొబ్బరితోటను ఒక్క రాత్రిలో పడగొట్టిన తర్వాతి సంవత్సరాలవి. పొలాలు అంతకుముందే, తాతగారి కాలంలోనే చేతులు మారాయి. తోట కూడా పోయాక మాకు మిగిలింది ఓ పెద్ద లోగిలి, ఊళ్లో మాకున్న మర్యాద. ఆ మర్యాదను గట్టిగా పట్టుకున్నందుకు నేను సిగ్గుపడను. మా ఇంట్లో ఎవరూ ఒకరి ముందు చెయ్యి చాచి బతకలేదు.

మా ఉద్దానం వైపు కుర్రాళ్లు చాలామంది సైన్యం మీదే ఆశ పెట్టుకునేవారు. మా ఊళ్లో రిటైరై వచ్చిన హవల్దారు ఒకాయన తెల్లవారుతూనే వాళ్లను జీడితోటల్లోంచి సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లేవాడు. ముందు తడి ఇసుక మీద, తర్వాత కాలు కూరుకుపోయే పొడి ఇసుక మీద పరుగెత్తించేవాడు. అందరూ ఆయన్ని మావా అనేవారు. మన ఇంటి పిల్లలు నలుగురిలో పడి పరుగెత్తడమేమిటని నాన్న మొదట ఒప్పుకోలేదు. అన్న వినలేదు. నేనూ వెంట వెళ్లాను. పొడి ఇసుక రాగానే నాకు ఊపిరి ఆడేది కాదు. అన్న అసలు పరుగు అక్కడే మొదలయ్యేది. కాళ్లు ఇక వల్లకాదన్నాక కూడా కొంత దూరం పోవచ్చని, ఆ దూరం మొండితనం మీదే పోవాలని అతన్ని చూసి తెలుసుకున్నాను.

ఎంపికల్లో అన్న అందరికంటే ముందు గీత దాటాడు. వైద్యపరీక్షలో తిప్పి పంపేశారు. పలాసలో రక్తపరీక్ష చేయిస్తే కిడ్నీలు దెబ్బతిన్నాయని తేలింది. పరుగులు మానేయమని, వెంటనే విశాఖపట్నం పెద్దాసుపత్రికి వెళ్లమని డాక్టరు చెప్పాడు.

అప్పట్లో మా వైపు ఈ జబ్బు పేరు పైకి అనేవారు కాదు. పొద్దున్నే తోటకి వెళ్లడం ఎవరు మానేశారో, ఎవరి పాదాలు ఉబ్బాయో ఊరంతా కనిపెట్టి ఉండేది. ఆ ఇంటికి ఇక సంబంధాలు వచ్చేవి కావు. వచ్చిన చుట్టాలు మంచినీళ్లు పుచ్చుకోవడానికి కూడా జంకేవారు. అందుకని జబ్బు పడ్డవాళ్లే నలుగురికీ కనబడేలా గునపం పట్టేవారు, కొబ్బరిచెట్టు ఎక్కేవారు.

మేం విశాఖపట్నం వెళ్లలేదు. అడిగినవాళ్లందరికీ నాన్న ఒకటే చెప్పాడు, ఉద్యోగం వచ్చిందనీ మావాడే వద్దనుకున్నాడనీ. ఆ మాట నిలబెట్టడానికి అన్న మళ్లీ పరుగు మొదలుపెట్టాడు. ఈసారి తోటల దారిన కాదు. నడివీధిలో, ఊరంతా పళ్లు తోముకునే వేళ. నాన్న గుమ్మంలో నిలబడి చూసేవాడు.

కొన్నాళ్లకు బూట్లు కాళ్లకు పట్టలేదు. పరుగుకి ఉత్తి కాళ్లే మేలని అన్న అందరికీ చెప్పుకొచ్చాడు. వీధి మలుపు తిరగ్గానే నడిచేవాడు. గోడకు చెయ్యి ఆనించి వాంతి చేసుకునేవాడు. మళ్లీ ఇళ్లు రాగానే వెన్ను నిటారు చేసి పరుగందుకునేవాడు.

ఒకనాడు హవల్దారు దారికి అడ్డంగా నిలబడ్డాడు.

“ఏటి బాబూ, ఇంకా ఎవులికి సూపించడానికి పరుగెడతన్నావు?”

అన్న నవ్వాడు. “నువ్వే కదా మావా, మజ్జిలో ఆగిపోయినోడు నా శిష్యుడే కాదన్నావు.”

“నానన్నది బాగున్నోడికి. నీ కాళ్లు సూసుకున్నావా? పనసకాయల్లాగ ఉబ్బిపోనాయి.”

అన్న అటూ ఇటూ చూశాడు. “మెల్లగా మావా. ఈదిలో ఉన్నాం.”

వానాకాలంలో ఓ పొద్దున అన్న ఊరి బయట కల్వర్టు మీద కూలబడి, నన్ను సైకిలు తెమ్మని కబురు పంపాడు. నేను వెళ్లేసరికి మొహం వాచి కళ్లు మూతలు పడుతున్నాయి. వెనక ఎక్కించుకున్నాను.

“ఈదిలోంచి వొద్దురా. ఏటిగట్టున తీసుకెల్లు.”

నేను వీధిలోంచే తీసుకెళ్లాను. కావాలనే. అన్న నా వీపుకి తల ఆనించి దాచుకున్నాడు. జనం అరుగుల మీద ఉన్నారు. ఒక్కరు కూడా ఏమైందని అడగలేదు. వాళ్లకి ఎప్పుడో తెలుసునని అప్పుడు అర్థమైంది. వాళ్లు మా మర్యాద కోసం తెలియనట్టు ఉన్నారు. మేం వాళ్ల కోసం అన్నని పరుగెత్తించాం.

గుమ్మంలో నాన్న మమ్మల్ని చూసి లోపలికి వెళ్లిపోయాడు. కోప్పడ్డాడనుకున్నాను. కండువా వేసుకుని బయటికొచ్చి, మాకంటే ముందు బస్సు ఆగే చోటికి నడిచాడు. అక్కడ టీ కొట్టాయన, అలవాటుగానే, ఎక్కడికని అడిగాడు.

“మా పెద్దోడికి కిడ్నీలు పాడైపోనాయి,” అన్నాడు నాన్న, అక్కడున్న అందరికీ వినబడేలా. “పెద్దాసుపత్రికి ఎల్తన్నాం.”

అన్న తల వంచుకున్నాడు. నాన్న అతని భుజం మీద చెయ్యి వేసి బస్సు వచ్చేదాకా తీయలేదు.

విశాఖపట్నంలో చాలా ఆలస్యంగా తెచ్చారన్నారు. అన్న ఆ చలికాలం జీడిపూత రోజులదాకా ఉన్నాడు.

పాడె మోసింది అతనితో ఇసుకలో పరుగెత్తినవాళ్లే. నేను నిప్పుకుండతో ముందు నడిచాను. వాళ్ల అడుగులు మాటిమాటికీ వేగం అందుకుని నా మడమల దాకా వచ్చేసేవి. వెనక నుంచి నాన్న గొంతు వినబడింది.

“నెమ్మదిగా నడండ్రా నాయినా. మనకిప్పుడు తొందర లేదు.”