గున్నమ్మ పీతల విమానం

మా గున్నమ్మ పెద్దమ్మకు దేవుడు అన్నీ సరిగానే ఇచ్చాడు గానీ, ఓర్వలేనితనం మాత్రం నాలుగు గరిటెలు ఎక్కువ వేశాడు. వంశధార సముద్రంలో కలిసేచోట మండపీతలు కొని, తాళ్లతో కట్టి, ప్రాణంతోనే విశాఖ నుంచి చెన్నై విమానంలో పంపడం ఆమె వ్యాపారం. ఎదురింటి నీలవేణిదీ అదే వ్యాపారం. నీలవేణి బుట్టలు ఆటో ఎక్కితే పెద్దమ్మకు ముద్ద దిగదు.

ఎన్ని బుట్టలు పంపావని అడిగితే మా పేటలో ఎవరూ నిజం చెప్పరు. దిష్టి తగులుతుందని, పక్కవాళ్లు పోటీకొస్తారని భయం. నిరుడు విమానాల శాఖ గుమస్తా కాగితాలు పట్టుకొచ్చి, ఇక్కడి సరుకు విమానంలో ఎంత పోతోందో రాసుకుంటానన్నాడు. పెద్దమ్మ నోరు తెరవబోయింది. ఎదురు గుమ్మంలో నీలవేణి చెవులు రిక్కించి నిలబడి ఉంది.

"నానేటి పంపుతాను బాబూ, కూరకే సాలవు," అనేసింది.

నీలవేణీ అదే మాట చెప్పింది. ఆర్నెల్లు తిరక్కుండా సరుకు లేదని ఆ విమానం రద్దు చేశారు. రైల్లో పంపితే సగం పీతలు చచ్చి చేరాయి. చచ్చిన పీతను చెన్నై షావుకారు ముట్టడు. ఇంకో నెల ఇలాగే సాగితే పెద్దమ్మ బుట్టలు అటకెక్కించాల్సిందే.

మొన్న ఆ శాఖ మంత్రిగారు ఆమదాలవలసలో సభకు వచ్చారు. ఆవిడను నిలదీయాలని పేటంతా బస్సెక్కింది. నీలవేణికి ముందు వరసలో కుర్చీ దొరికింది. వెనక నిలబడ్డ పెద్దమ్మ ఉడికిపోయింది.

"మా ఇమానం ఎందుకు తీసేసినారమ్మా?" నీలవేణే ముందు అడిగేసింది.

మంత్రిగారు పక్కనున్న అధికారి దగ్గర కాగితం అందుకున్నారు. "మీ పేట నుంచి ఒక్క బుట్ట కూడా పోదని ఇందులో ఉంది," అన్నారు. అధికారి తల దించుకున్నాడు. "ఈయన్ని అనొద్దు. విమానాశ్రయంలో అడక్కుండా ఈ కాగితం నమ్మి సంతకం పెట్టింది నేను. జవాబు నేనే చెప్పుకోవాలి."

జనం చప్పట్లు కొట్టారు. పెద్దమ్మకు కడుపు మండిపోయింది. అబద్ధమాడింది తను, మెప్పు ఆవిడకా!

"ఆ అబద్దం సెప్పింది నానమ్మా!" అని అరిచింది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

"నానూ సెప్పినాను," అంది నీలవేణి, తానేం తక్కువన్నట్టు.

మంత్రిగారు కలం తీశారు. "సరే, అసలు సంగతి ఇప్పుడు చెప్పండి. విమానం మళ్లీ వేయించే బాధ్యత నాది. వారానికి ఎన్ని బుట్టలు?"

సభంతా పెద్దమ్మ వైపు తిరిగింది. పెద్దమ్మ నీలవేణి వైపు చూసింది.

"ముందల దాన్ని సెప్పమనండి."