ఎడమ నాలుగు, కుడి నాలుగు

డెల్మర్ హడ్జిన్స్‌కి కారు నడపడం కంటే బానెట్ ఎత్తి ఇంజిన్ చూపించడం ఇష్టం. పెళ్లికెళ్లినా, చావుకెళ్లినా ముందు బానెట్ లేవాల్సిందే. ఒకసారి సమాధుల దగ్గర ప్రార్థన పూర్తయ్యేసరికి పాదిరిగారికీ శవానికీ తప్ప అందరికీ కార్బురేటర్ గురించి తెలిసిపోయిందని అమెరికాలో కార్లు తయారయ్యే ఫ్లింట్ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అదేమన్నా మామూలు కారా? పడవంత పొడుగు, వెనక రెండు రెక్కలు, ముందు సీట్లోనే ముగ్గురు లావుపాటివాళ్లు దర్జాగా కూర్చోవచ్చు. రిటైరై ఇంట్లో ఉండాల్సిన మనిషి, ఒక చలికాలమంతా తెల్లవారుతూనే దాన్ని ఫ్యాక్టరీ బస్సు ఆగేచోట నిలబెట్టి, అక్కడ చలికి వణుకుతున్న ఆడవాళ్లను ఇంజిన్ చూడమని పట్టుకునేవాడు.

"ఎడమ నాలుగు సిలిండర్లు, కుడి నాలుగు. రెండువైపులా వేడి సమానంగా ఉందో లేదో చేతులు పెట్టి చెప్పండి. స్కార్ఫులు జాగ్రత్త, ఫ్యానుంది."

"సమానంగానే ఉందని నిన్న చెప్పాంగా," అనేది వెర్నా.

"నిన్నటి వేడి నిన్నటిదమ్మాయ్. పెట్టు చెయ్యి."

ఫ్యాక్టరీలో కార్ల సీట్లకు కవర్లు కుట్టే వెర్నా, పొద్దున్నే ఈ ముసలాయన గోలేమిటని తిట్టుకుంటూనే చెయ్యి పెట్టేది.

ఒకరోజు పోలీసు వచ్చాడు. "బస్సు ఆగేచోట పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి పెద్దాయనా? ఇవాళ కారు లాక్కెళ్లిపోతున్నా."

డెల్మర్ ముఖం పాలిపోయింది. ఆ కారు తప్ప ఆయనకు వేరే లోకం లేదు. "బస్సొచ్చేదాకా ఉండనివ్వండి సార్. ఇంజిన్ కాగబెట్టుకుని వచ్చాను, పాపం వీళ్ల చేతులు..." అని నాలుక్కరుచుకున్నాడు.

"ఓసినీ, రోజూ చీకటితోనే కారేసుకుని మా వీధులన్నీ చుట్టేది ఇందుకా," అని గొణిగింది పక్కనున్న ఓపల్.

వెర్నా తన వేళ్లు చూసుకుంది. పోయిన చలికాలం కొయ్యబారిన వేళ్లకు సూది గుచ్చుకోని రోజు లేదు. ఈ ఏడు ఒక్కసారీ గుచ్చుకోలేదు. ఎంత మొద్దునే నేను, అనుకుంది.

"కారు చెడిపోయింది సార్," అంది గట్టిగా. "చెడిపోతే ఎక్కడైనా ఆపుకోవచ్చుగా. బానెట్ ఎత్తే ఉంది."

"ఇంజిన్ తిరుగుతోందిగా?"

"తిరుగుతుంది గానీ ఎడమ నాలుగూ కుడి నాలుగూ సమానంగా కాగట్లేదు. కావాలంటే చేతులు పెట్టి చూడండి."

తన ఇంజిన్‌ని అంతమాట అంటే డెల్మర్ ఊరుకుంటాడా? నోరు తెరవబోయాడు. ఓపల్ ఆయన కాలు తొక్కింది.

పోలీసు గ్లోవ్స్ తీసి ఎడమవైపు కాసేపు, కుడివైపు కాసేపు, మళ్లీ ఎడమవైపు చేతులు పెట్టాడు.

"తేడాగానే ఉంది," అన్నాడు చేతులు తియ్యకుండానే. "ఎప్పటికి బాగవుతుందంటారు?"

"ఏప్రిల్‌కి అవుతుంది సార్," అంది వెర్నా.