ఖాళీ గ్లాసుల వాసన

మా ఇంట్లో కల్లు వేరు, విస్కీ వేరు. కల్లు మా అవ్వ తాగుతుంది. పండగ పూట అమ్మ కూడా సగం గ్లాసు తీసుకుంటుంది. దాన్ని ఎవరూ తాగుడు అనరు. విస్కీ మాత్రం పెళ్లిళ్లలో మగవాళ్లు షామియానా వెనక్కి వెళ్లి తాగేది. కెమిస్ట్రీలో డిగ్రీ అయ్యాక షాద్‌నగర్ అవతల ఒక విస్కీ ఫ్యాక్టరీ ల్యాబులో నాకు ఆరు నెలల శిక్షణ దొరికింది. ఆ మాట ఇంట్లో ఎట్లా చెప్పాలో తెలియక రెండు రోజులు డైరీలోనే రాసుకున్నాను. మూడో రోజు బాపు గొర్రెలను దొడ్లోకి తోలి కాళ్లు కడుక్కుంటుంటే చెప్పేశాను.

"తాగాలెనా?" అన్నాడు బాపు.

"తాగుడు కాదు బాపు. నోట్లె పోసుకొని, రుచి చూసి, ఉమ్మెయ్యాలె."

"ఉమ్మేస్తే జీతమిస్తరా?"

"ఇస్తరు."

బాపు చెంబు కింద పెట్టాడు. "గట్లయితే పో బిడ్డా" అన్నాడు.

షాద్‌నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, నాలాగే శిక్షణకు కొల్లాపూర్ నుంచి వచ్చిన అమ్మాయితో కలిసి ఉండేదాన్ని. తను బస్సు కండక్టరుతో మొదలుపెట్టి ల్యాబు మేడం దాకా అందరితో మాట్లాడుతుంది. నేను ఎవరైనా పలకరిస్తే నవ్వి ఊరుకుంటాను. "నువ్వు డైరీకి చెప్పేదాంట్ల సగం మనుషులకు చెప్తే నీ పెండ్లి గూడ అయిపోతుండె" అని ఏడిపించేది.

మొదటి మూడు నెలలు గ్లాసులు కడగడం, స్పిరిట్ బలం కొలవడం, నమూనా సీసాలకు నంబర్లు అంటించడం. తర్వాత రుచి చూడటం నేర్పడం మొదలైంది. ఆరు నెలలు ముగిసేలోపు పరీక్ష పెట్టి, మా ఇద్దరిలో ఒకరిని రుచి బృందంలోకి తీసుకుంటారు. రెండోవాళ్లు సీసాలు నింపే వైపు పోవాలి. నాకు ఆ చోటు కావాలి. అప్పటిదాకా దేన్నీ అంత గట్టిగా కోరుకున్నట్టు గుర్తు లేదు. ఫ్యాక్టరీ అంతా సీసాల చప్పుడు. ఆ ఒక్క గది నిశ్శబ్దంగా ఉండేది. తెల్ల గోడలు, పొడవాటి బల్ల, మూతలు పెట్టిన గ్లాసులు. నలుగురు కూర్చుని ఒక వాసన గురించి ఆలోచించి దానికి తగిన మాట వెతుక్కునేవాళ్లు. ఇంట్లో మూలకు కూర్చుని డైరీలో నేను చేసే పని కూడా అదే. కానీ ఆ గదికి ఒక నియమం ఉంది. కాగితం మీద రాసిన తర్వాత ప్రతి ఒక్కరూ తమ మాటను పైకి చెప్పాలి. మిగతావాళ్లు ఒప్పుకోకపోతే వాదించాలి.

గోడ మీద ఒక గుండ్రటి పటం ఉండేది. రుచుల పేర్లన్నీ అందులో వరసగా ఉంటాయి. వెనిల్లా, టాఫీ, ఓక్, పీట్, పియర్. పరీక్షకు చదివినట్టు నేను వాటిని బట్టీ పట్టాను. ఒకరోజు మేడం ఐర్లండు తీరు విస్కీ ఇచ్చింది. అది మూడుసార్లు మరిగించి తీసినది, తేలికగా ఉంటుంది. నేను "పియర్ పండు" అని రాశాను.

మేడం కాగితం చూసి, "పియర్ ఎప్పుడు తిన్నావమ్మా?" అని అడిగింది.

నేను తల వంచుకున్నాను. "ఎప్పుడూ తినలేదు మేడం."

"మరి నీ నాలుకకు ఎట్లా తెలిసింది?"

పక్కన కొల్లాపూర్ అమ్మాయి కిసుక్కున నవ్వింది. మేడం ఆమె కాగితం కూడా తీసుకుని చూసింది. "నీకు ఓక్ చెట్టు ఎక్కడ కనబడింది? మీ కొల్లాపూర్ పక్క సోమశిల ఒడ్డునా?" ఈసారి ముగ్గురం నవ్వాం. కానీ వెళ్లేటప్పుడు మేడం నాతో నెమ్మదిగా చెప్పింది. "పది రోజుల్లో పరీక్ష. ఆ పటం విదేశాల వాళ్ల వంటింట్లోంచి వచ్చింది. నువ్వు తిన్నది రాయి, నువ్వు చూసింది చెప్పు. చెప్పకపోతే మాత్రం నేనేం చేయలేను."

ఆ వారం నాలుగు రోజుల సెలవు పెట్టి రామన్నపేట దగ్గర మా ఊరికి వెళ్లాను. ల్యాబులోంచి చుక్క కూడా బయటికి తేకూడదు. ఇంట్లో సాధన చేయాలంటే కొనాలి. నేను వైన్ షాపుకు వెళ్లడమంటే ఊహకే చెమట పట్టింది. బాపును బతిమాలాను. రకాలు ఒక చీటీ మీద రాసి, మొహానికి చున్నీ కట్టుకుని, బండి మీద వెనక కూర్చున్నాను. షాపుకు కొంచెం ఇవతల బండి ఆపి, నన్ను అక్కడే ఉండమని బాపు ముందుకు వెళ్లాడు. అయినా అన్నీ వినబడ్డాయి.

"ఏం మామా, కల్లు బంద్ పెట్టినవా?" అన్నాడు షాపతను.

"నాకు గాదు. బిడ్డకు."

నేను చున్నీని కళ్ల దాకా లాక్కున్నాను. బాపు ఏ తడబాటూ లేకుండా చీటీ చూపించాడు. "విస్కీ పరీక్ష రాస్తాంది. గీ రకాలు కావాలంట."

"గా పరీక్ష నేను రోజూ రాస్తున్న, పాసైతలేను" అన్నాడు పక్కన నిలబడిన ఒకాయన.

"నువ్వు మింగుతున్నవు. ఉమ్మెయ్యాలెనట" అన్నాడు బాపు.

"ఉమ్మేసేటందుకు కొంటున్నవా మామా? గిదేం కాలం!"

షాపతను నవ్వుతూనే చీటీ చదివాడు. మామూలు రకం ఉంది. మొలకెత్తిన బార్లీతో చేసిన మాల్ట్ ఒకటి, మక్కలతో, అంటే మొక్కజొన్నతో చేసే అమెరికా రకం ఒకటి, పై అరలో చిన్న సీసాలు దొరికాయి. పీట్ అనే మట్టిగడ్డల పొగలో బార్లీని ఆరబెట్టి చేసే పొగ రకం మాత్రం దొరకలేదు. "పొగ వాసన కావాలంటే బీడీ తాగుమను" అన్నాడు. చివరికి దాని కోసం చౌటుప్పల్ దాకా పోయి, హైవే మీద పెద్ద దుకాణంలో అన్నిటికంటే చిన్న సీసా ఒకటి తెచ్చుకున్నాం. దారంతా బాపు ఆ సీసాను అంగీ జేబులో పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా చేత్తో పట్టుకున్నాడు.

మధ్యాహ్నం వాకిట్లో నాలుగు స్టీలు గ్లాసులు పెట్టాను. అవ్వ వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. అమ్మ గడప దాటలేదు, అక్కడినుంచే చూస్తోంది. పొగ రకం సీసా మూత తీసి అవ్వ చేతికి ఇచ్చాను, వాసన చూస్తుందని. అవ్వ వాసన చూడలేదు. సీసా వంచి నేల మీద పోసింది. చుక్క కాదు, ధారగా.

"అవ్వా! గదొక్కటే ఉన్నది!"

"సాక పొయ్యద్దా? భూమికి పొయ్యకుండ ఎట్ల నోట్లె పెట్టుకుంటవే?"

మా వైపు ఏది తాగినా ముందు కాస్త నేలకు పోస్తారు. దాన్నే సాక అంటారు. దేవతకో, పోయినవాళ్లకో. కల్లుకైతే రెండు చుక్కలు చాలు. ఇది ఖరీదైనదని బాపు చెప్పి ఉంటాడు, అవ్వ దానికి తగినట్టు పోసింది.

"సగం అయిపాయె" అన్నాను ఏడుపు గొంతుతో.

"మీ తాతకు పోసిన. జీవితంల ఆయనకు మంచి సీసా ఎవలు తెచ్చిచ్చిన్రు? నీకెందుకే కడుపుమంట?"

బాపు మొహం పక్కకు తిప్పుకుని నవ్వాడు. మిగిలిన దాంతోనే మొదలుపెట్టాం. సమంగా నీళ్లు కలిపి ఒక్కో గ్లాసూ చేతికి ఇచ్చాను. మామూలు రకం తాగి అవ్వ మూతి ముడిచింది. "మంట తప్ప ఏం లేదు. పెండ్లిల్ల తాగి కొట్టుకునేది గిదేనా?" అమెరికా రకం మాత్రం రెండోసారి అడిగింది. "మక్కబుట్ట కాల్చి బెల్లం రాసినట్టున్నది." నేను రాసుకున్నాను. కాల్చిన పీపాలో ఉంచిన మక్కల సారాకు అంతకంటే దగ్గరి మాట ఆ గుండ్రటి పటంలో లేదు. మాల్ట్‌ను బాపు రెండుసార్లు వాసన చూశాడు. "జొన్నలు నానబెట్టి మూటగడితే తెల్లారి మూట విప్పినప్పుడు వచ్చే వాసన" అన్నాడు. పొగ రకం గ్లాసును అమ్మ దూరం నుంచే చేయి చాపి తీసుకుని వాసన మాత్రం చూసింది. "దవాఖాన" అంది వెంటనే. బాపు ఒప్పుకోలేదు. తడిసిన గొంగడిని మంట దగ్గర ఆరేసినట్టుందన్నాడు. అవ్వ ఇద్దరిదీ కాదు, ఊదు పొగ అంది. ముగ్గురూ కాసేపు వాదించుకున్నారు. వాళ్లకు తప్పు చెబుతామన్న భయం లేదు. నేను నా పుస్తకంలో మూడు మాటలూ రాశాను.

అమ్మ ఆ గ్లాసులను మిగతా బాసన్లతో కలపనివ్వలేదు. "గవి నువ్వే కడుక్కో" అని దొడ్డి గోడ మీద పెట్టింది. నేను మరిచిపోయాను.

పొద్దున వాకిలి ఊడుస్తుంటే అవ్వ సాక పోసిన చోట ఆగిపోయాను. ఘాటు ఏమీ లేదు. నేల ఎండిపోయింది. కానీ వంగి చూస్తే పొగ అక్కడే ఉంది, చల్లబడిన పొయ్యిలా, కాస్త తియ్యగా. అప్పుడు గోడ మీది గ్లాసులు గుర్తొచ్చాయి. ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మాల్ట్ ఎండిన గ్లాసులో రొట్టె పిండి వాసన నిలిచి ఉంది. అమెరికా రకంలో చెక్క, బెల్లం. మామూలు రకం గ్లాసులో స్టీలు వాసన తప్ప ఏమీ లేదు. నిన్న నోట్లో పోసుకున్నప్పుడు మాల్ట్‌కూ మామూలు రకానికీ తేడా పట్టుకోవడానికి నేను చాలా తిప్పలు పడ్డాను. మంట నా ముక్కును మూసేసింది. మంట పోయాక రెండూ పోలికే లేనివని తెలిసిపోయింది. కొత్త మాటలేవీ అక్కర్లేదు, కాసేపు ఆగితే చాలు.

పరీక్ష రోజు నేనూ కొల్లాపూర్ అమ్మాయీ ఉల్లిగడ్డ మానేసి, తలకు నూనె రాసుకోకుండా వెళ్లాం. బల్ల మీద ఐదు గ్లాసులు, వాటి మీద నంబర్లు. ఏది ఏ రకమో రాయాలి, ఎట్లా ఉందో పైకి చెప్పాలి. పొగ రకం మూత తీయగానే తెలిసింది. అమెరికా రకం కూడా తొందరగానే దొరికింది. ఐదోది ఏదో లేత మాల్ట్ అనుకున్నాను. చిక్కంతా రెండో గ్లాసు, నాలుగో గ్లాసుతో వచ్చింది. రంగు ఒకటే, తీపి ఒకటే. ఒకటి నిజమైన మాల్ట్, ఇంకొకటి చక్కెర ఫ్యాక్టరీ మడ్డి నుంచి తీసిన స్పిరిట్‌కు రంగూ రుచీ కలిపినది. నోట్లో తిప్పి ఉమ్మేశాను, మళ్లీ తిప్పాను. ఏమీ తేలలేదు.

రెండు గ్లాసుల్లో మిగిలింది బకెట్లో పారబోసి, ఖాళీ గ్లాసులు ముందు పెట్టుకుని కూర్చున్నాను. కొల్లాపూర్ అమ్మాయి కాగితం ఇచ్చేసి, తన మాటలు గలగలా చెప్పేసి, నా వైపు చూసింది. మేడం కూడా చూసింది.

"పారబోశావేంటి? ఇంక ఇవ్వడానికి లేదు తెలుసుగా."

"తెలుసు మేడం. ఆరేదాక ఆగుతున్న."

మా ఊరి మాట అట్లాగే జారింది. మేడం వద్దనలేదు, గడియారం వైపు మాత్రం చూసింది. ఎంతసేపు ఆగానో నాకు తెలియదు. తప్పయితే సాయంత్రానికల్లా సీసాల వైపు. చివరికి రెండు గ్లాసులూ ఎత్తి చూశాను.

"రెండోది ఇంక ఉన్నది మేడం. నాలుగోది పోయింది."

"ఉంది అంటే ఏముంది?"

చెప్పాను. మూటలో మొలకెత్తిన జొన్నల గురించి, మక్కబుట్ట గురించి, గొంగడి గురించి. నా గొంతు నాకే వింతగా వినిపించింది. మేడం ఒక్కో నంబరు ఎదుట టిక్కు పెట్టుకుంటూ పోయింది. ఐదోది తప్పింది, అది ఐర్లండు రకం. మళ్లీ అదే. మిగతా నాలుగూ సరిపోయాయి. కొల్లాపూర్ అమ్మాయికి మూడు సరిపోయాయి.

గదికి వచ్చాక తన మొహం చూడటానికి భయపడ్డాను. తను మంచం మీద వాలి, పొద్దుటినుంచి మానేసిన ఉల్లిగడ్డను నిమ్మకాయతో కొరుక్కు తింటోంది. "చూడకే గట్ల, ఎవలు సచ్చిన్రని? నా నోటికి మాటలకే తీరుబాటు లేదు, రుచికేడిది? సీసాల కాడ శానామంది ఉంటరు, నాకు గదే మంచిగుంటది." కొంచెం బాధ ఉందని నాకు తెలుసు. ఆ రాత్రి అన్నం తనే వండింది, నాకు ఎక్కువ పెట్టింది.

బృందంలో నా మొదటి ఉదయం పీపాలో నాలుగేళ్లున్న మాల్ట్ ఒకటి వచ్చింది. బల్ల చుట్టూ ఐదుగురం. వరసగా చెబుతూ నా దాకా వచ్చారు.

"సీతాఫలం" అన్నాను.

నా ఎదుట కూర్చున్న పెద్దాయన ఆ గదిలో అందరికంటే పాత మనిషి, పాలమూరు వైపు ఆయన. చెవి దగ్గర చేయి పెట్టుకున్నాడు. "వినబడలేదమ్మా."

"సీతాఫలం సార్. నిన్న పండింది."

ఆయన గ్లాసు తీసి వాసన చూశాడు. కళ్లు మూసుకుని మళ్లీ చూశాడు. "సీతాఫలమే. కానీ నిన్నటిది గాదు, మూడొద్దులది. మెత్తవడ్డది."

మిగతా ముగ్గురూ నా వైపు తిరిగారు. నేను గ్లాసు మీది మూత తీసి ఇంకోసారి చూసుకున్నాను.

"లేదు సార్" అన్నాను. "నిన్నటిదే. ఇంక గట్టిగనే ఉన్నది."